గోడ వారన తంగేడు: దేవరకొండ దారిలో ఒక ఇంటి తోట కేస్ స్టడీ

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో, ఊరి శివారున ఉన్న ఒక ఇంటి ప్రహరీ వెంట 60 అడుగుల పొడవున తంగేడు వరుస ఉంది. 2022 వానాకాలంలో విత్తనం పెట్టి పెంచినది. 2023, 2024, 2025 బతుకమ్మలకు ఆ ఇంటివారూ ఇరుగుపొరుగువారూ అందులోంచే పూలు కోసుకున్నారు. అంతకుముందు అదే గోడ వారన, అదే మొక్కను నాటితే ఒక్కటీ బతకలేదు. బీడులో ఎవరూ పట్టించుకోకపోయినా విరగబూసే మొక్క ఇంట్లో ఎందుకు చచ్చిపోయింది, మళ్లీ ఎలా నిలదొక్కుకుంది, పూత పండుగ వేళకు అందేలా ఏం చేశాం అన్నదే ఇక్కడ చెప్పబోయేది. నేను నల్లగొండలో చిన్న నర్సరీ నడుపుతూ ఇళ్లకు, బడులకు తోటలు వేస్తుంటాను. తంగేడును ‘పెంచడం’ అంటే ఇప్పటికీ మా నర్సరీల వాళ్లే నవ్వుతారు.

కోరిక, స్థలం

ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయురాలు. ఊరందరికీ టీచరమ్మ. ఇంటి వెనక ఉన్న బీడు వెంచర్‌గా మారింది, గుట్ట వారన మిగిలిన కాస్త నేల పత్తి చేనైంది. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది 2014లో. ఆమె ఇంటి చుట్టుపక్కల తంగేడు కనబడకుండా పోయింది కూడా ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. పండుగ తొమ్మిది రోజులూ నాలుగు కొమ్మల కోసం బజారులో బేరమాడడం ఆమెకు నచ్చలేదు. గోడ పొడవునా తంగేడు కావాలన్నది ఆమె కోరిక. దాంతోపాటు ఇంటి ముందు పచ్చిక కూడా కావాలన్నారు. ఈ రెండో కోరిక సంగతి తర్వాత వస్తుంది.

స్థలం ఎర్ర చెల్క. పైన జానెడు లోతు ఇసుక కలిసిన ఎర్రమట్టి, దాని కింద గడ్డపార దిగని మొరం. ఇటు నల్లగొండలోనైనా, అటు మహబూబ్‌నగర్‌లోనైనా గుట్టల చుట్టూ ఉండే నేల ఎక్కువగా ఇదే. నీటిని పట్టి ఉంచదు, సేంద్రియ పదార్థం తక్కువ. వేసవిలో ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. గోడ తూర్పు ముఖంగా ఉండడంతో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నేరుగా ఎండ పడుతుంది, ఆ తర్వాత గోడ నీడ కాస్త వస్తుంది. తంగేడుకు ఇంతకంటే మంచి చోటు అక్కర్లేదు. పొద్దంతా ఎండ ఉన్నా ఇంకా మంచిదే. చెట్టు నీడలో మాత్రం పెట్టకూడదు. ఆకు వేస్తుంది గానీ పూయదు.

మొదటి వరుస ఎందుకు చచ్చింది

2021 జులైలో వేరొకరి చేత ఆమె తంగేడు నాటించారు. గుట్ట వారన మోకాలెత్తు ఉన్న మొక్కలను గడ్డపారతో తవ్వి తెచ్చారు. జేసీబీతో గోడ వెంట రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కందకం తీయించారు. అందులో చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు నింపి, రోజూ సాయంత్రం పైపుతో నీళ్లు పెట్టారు. కొత్తలో పచ్చగానే ఉన్నాయి. తర్వాత కింది ఆకులు పండి రాలడం మొదలైంది. దసరా నాటికి పుల్లలు మిగిలాయి.

“తమ్ముడూ, బీడులో దానికి ఎవరు నీళ్లు పోస్తున్నారు? నా ఇంట్లో పాలు పోసి పెంచినా బతకదేం?” అని అడిగారు టీచరమ్మ, నేను మొదటిసారి వెళ్లినప్పుడు.

ఎండిన మొక్కల్లో ఒకదాన్ని పట్టి లాగితే ఏ శ్రమా లేకుండా చేతిలోకి వచ్చింది. బొటనవేలి లావున్న తల్లివేరు జానెడు కిందే తెగి ఉంది. తెగిన చోట నల్లబడింది. వేరు మీది బెరడును వేళ్ల మధ్య నొక్కితే తడి తొడుగులా జారిపోయి లోపలి తెల్లని కట్టె బయటపడింది. పక్కవేళ్లు పుట్టే ప్రయత్నం చేసిన గుర్తులు ఒకటి రెండు ఉన్నాయి, అవీ కుళ్లాయి.

కారణాలు రెండు. తంగేడు పైకి మోకాలెత్తు కనబడుతున్నప్పుడే తల్లివేరు మొరం సందుల్లోంచి చాలా లోతుకు పోయి ఉంటుంది. గడ్డపారతో తీసినప్పుడు చేతికి వచ్చేది ఆ వేరులో పైముక్క మాత్రమే. బంతినో చామంతినో తవ్వి నాటినట్లు తంగేడును నాటడం కుదరదు. రెండోది కందకం. మొరంలో తీసిన కందకానికి అడుగున నీరు దిగే దారి ఉండదు. దాన్ని బంకమన్ను కలిసిన చెరువు మట్టితో నింపి రోజూ నీళ్లు పెడితే అది 60 అడుగుల తొట్టి. తెగిన వేరు ఆ తొట్టిలో నానింది. చెరువు మట్టి వరికీ కూరగాయలకూ వరం. తంగేడుకు అదే చావు. ఎరువు తక్కువై చచ్చాయని ఆ పని చేసినవారు చెప్పారట. నిజానికి ఎరువు ఎక్కువైంది, నీరు ఇంకా ఎక్కువైంది.

ఇక్కడే ఇంకో అపోహ గురించి. తంగేడు చిక్కుడు కుటుంబపు మొక్క కాబట్టి వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టి నేలను బాగుచేస్తుందని టీచరమ్మ కొడుకు ఎక్కడో చదివారు. ఆ కుటుంబంలో అన్నిటికీ ఆ గుణం లేదు. తంగేడు చేరిన సెన్నా ప్రజాతి మొక్కల వేళ్లకు సాధారణంగా బుడిపెలు రావు. పాత రోజుల్లో తంగేడు రొట్టను వరి మళ్లలో తొక్కిన మాట నిజమే. అది ఆకు కుళ్లి ఇచ్చే బలం, వేరు ఇచ్చేది కాదు. కాబట్టి ‘నేల బలం కోసం’ అని తంగేడు వేయనక్కర్లేదు. పూల కోసం వేయండి, చాలు.

నేల, గట్టు

చెరువు మట్టిని తీయించి పచ్చిక వేయబోయే వైపు పరిపించాం. కందకాన్ని అక్కడే కుప్పగా పడి ఉన్న మొరం, ఎర్రమట్టితో తిరిగి నింపి, పైన అడుగు ఎత్తు గట్టు పోశాం. గట్టుకు గోడ వైపు కాకుండా లోపలి వైపు వాలు ఇచ్చాం. గోడకు పల్లపు మూలన రెండు చోట్ల తూములు పెట్టించాం. ఎరువు వేయలేదు. “ఒక్క బుట్టెడైనా వేయవద్దా?” అని తోటలో పనిచేసే పెద్దాయన అడుగుతూనే ఉన్నారు. ఆయనకు ఎరువు లేకుండా మొక్క పెట్టడమంటే చుట్టానికి అన్నం పెట్టకుండా పంపినట్లే.

గోడ కట్టినప్పటి సిమెంటు, సున్నం పెళ్లలు మట్టిలో ఉన్నాయి. పెద్ద ముక్కలు ఏరేసి మిగతావి వదిలేశాం. సున్నం పాలు ఎక్కువున్న నేలలో కూడా తంగేడు ఇబ్బంది పడదు.

విత్తనం

నర్సరీల్లో ‘తంగేడు’ అని అడిగితే ఏదో ఒక పసుపుపచ్చ పూల మొక్క చేతిలో పెడతారు. సీమ తంగేడు పెద్ద చెట్టవుతుంది. తగిరిస, కసింద పూలు చూడడానికి దగ్గరగా ఉంటాయి గానీ అవి వేరే మొక్కలు. శాస్త్రీయంగా అసలు తంగేడు పేరు సెన్నా ఆరిక్యులాటా, పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులాటా. గుర్తుపట్టడానికి పువ్వు కోసం ఆగనక్కర్లేదు. ఆకు ఈనె కాండానికి అతికే చోట రెండు పక్కలా గుండ్రటి చిన్న ఆకులు కాండాన్ని పట్టుకుని ఉంటాయి, రాలిపోవు. ఈనె మీద ప్రతి జత చిట్టి ఆకుల నడుమా ఒక చిన్న నిలువు గ్రంథి ఉంటుంది. ఈ రెండూ కనబడితే తంగేడే. కాయ బల్లపరుపుగా, కాగితంలా పలచగా, వేలెడు పొడవుంటుంది. లోపలి గింజలు ఎక్కడెక్కడ ఉన్నాయో పైకే తెలిసిపోతాయి.

కాయలు 2022 ఫిబ్రవరిలో డిండి వైపు రోడ్డు వారన ఉన్న పొదల నుంచి కోశాం. ఒకే పొద నుంచి తీసుకోకుండా దూరదూరంగా ఉన్న అనేక పొదల నుంచి కొన్నికొన్ని తీసుకోవడం మంచిది. ఒకే తల్లి బిడ్డలైతే వరుసంతా ఒకేలా పూసి ఒకేసారి ఆగుతుంది. తొమ్మిది రోజుల పండుగకు అది పనికిరాదు. గోధుమ రంగుకు తిరిగి, ఊపితే గలగలమనే కాయలే కోయాలి. పచ్చి కాయ నుంచి తీసిన గింజ ముడుచుకుపోతుంది.

ఇంటికి తెచ్చిన కాయలను వెంటనే విప్పాలి. తంగేడు గింజకు పెసలకు పట్టే పురుగు లాంటిదే ఒకటి పడుతుంది. కాయలను సంచిలో కట్టి మూల పెడితే మే నెల వచ్చేసరికి గింజ గింజకూ సూది మొనంత రంధ్రం ఉంటుంది. మేం కాయలు ఒలిచి, గింజలను నీళ్లలో వేసి, తేలినవి పారేసి, మునిగినవి ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పెట్టాం.

ఇక మొలక సంగతి. తంగేడు గింజ పైపొర నీటిని లోపలికి రానివ్వదు. ఎండిన గింజను నేరుగా విత్తితే కొన్ని ఈ వానకు, కొన్ని వచ్చే ఏటి వానకు, కొన్ని ఆపై ఏటికి మొలుస్తాయి. బీడులో బతకడానికి అది దాని ఉపాయం. ఒక ఏడు వానలు ఎగ్గొట్టినా విత్తనం అంతా ఒక్కసారే పోదు. తోటలో మనకు అన్నీ ఒకేసారి రావాలి. నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, మసలడం ఆగాక గింజల మీద పోసి, రాత్రంతా అలాగే వదిలేశాం. పొయ్యి మీద ఉంచి గింజలు ఉడికించకూడదు. తెల్లారి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది: నీరు పీల్చిన గింజ రెట్టింపు ఉబ్బి, లేత గోధుమ రంగులో మెత్తగా ఉంటుంది, పీల్చనిది గట్టిగా, నిగనిగలాడుతూ అలాగే ఉంటుంది. ఉబ్బినవి ఏరి విత్తాం. ఉబ్బని వాటిని గరుకు కాగితం మీద ఒక వైపు మాత్రమే కాస్త రుద్ది మళ్లీ నానబెట్టాం. గింజ మీద చిన్న గుంట ఉన్న కొసను రుద్దకూడదు, మొలక వచ్చేది అక్కడే. కొద్ది గింజలైతే మొదటి నుంచీ గరుకు కాగితమే మేలు, నష్టం తక్కువ.

విత్తింది జూన్ మూడో వారంలో, నేల జానెడు తడిసిన వాన తర్వాత. నేరుగా గట్టు మీదే, మూడడుగులకు ఒక చోట, చోటుకు మూడేసి గింజలు, అర అంగుళం లోతున. ఖాళీలు పూరించడానికి మాత్రం కొన్నిటిని పొడవాటి కవర్లలో పెట్టాం. మామూలు పొట్టి నర్సరీ కవర్లో తంగేడు తల్లివేరు నెల తిరగకుండానే అడుగు తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. ఆ చుట్టతో నాటిన మొక్క రెండేళ్ల దాకా బాగానే కనబడి, గట్టిగా గాలి వీచిన రోజు పక్కకు ఒరిగిపోతుంది. కవర్లో పెట్టక తప్పకపోతే నాలుగైదు ఆకులు వేసిన వెంటనే, వానల్లోనే నేలలోకి దించేయాలి.

మొదటి ఏడాది

మొలకలు వారం పది రోజుల్లో వచ్చాయి. చోటుకు బలమైనది ఒకటి ఉంచి మిగతావి పీకకుండా కత్తెరతో మొదలంటా కత్తిరించాం. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. కలుపు ఒకసారి తీశాం. నవంబరు దాకా వానే నీరు. డిసెంబరు నుంచి మే దాకా పదిహేను రోజులకోసారి మొక్కకు ఒక బకెట్, అదీ మొక్క మొదలు దగ్గర కాకుండా మూరెడు దూరాన చిన్న గుంట తీసి అందులో. మొదలు చుట్టూ ఆకు చెత్త కాకుండా గులకరాళ్లు పరిచాం. ఆకు చెత్త తడిని పట్టి కాండం మొదటిని మెత్తబరుస్తుంది; రాయి తడి ఆరకుండా కాపాడుతూనే మొదటిని పొడిగా ఉంచుతుంది. రెండో వేసవి నుంచి నీళ్లు పూర్తిగా ఆపేశాం.

మొదటి వేసవిలో చాలా మొక్కలు ఆకు రాల్చాయి. చచ్చిపోయాయని పెద్దాయన కంగారుపడ్డారు. గోటితో బెరడు గీరి చూస్తే కింద పచ్చగా ఉంది. తొలకరికి మళ్లీ చిగిర్చాయి. గోడకు కొత్తగా గేటు పెడుతున్నప్పుడు నాలుగు రోజులు మేకలు లోపలికొచ్చాయి; మందారాన్ని మోడు చేశాయి గానీ తంగేడును ముట్టలేదు. మేసేవాళ్లకు పనికిరాని ఈ గుణమే దాన్ని పచ్చిక బీళ్లలో ఇన్నాళ్లు కాపాడింది.

మొక్కల మధ్య ఖాళీలో టీచరమ్మ, బతుకమ్మలో తంగేడుతోపాటు పేర్చే గునుగు గింజలు చల్లారు. గునుగు ఏటికేడు చచ్చే మొక్క, తంగేడులా బహువార్షికం కాదు. అయితే గింజ రాలి తనంతట తానే మొలుస్తుంది. మొదటి రెండేళ్లు చిన్న తంగేళ్లను కమ్మేయకుండా పలచన చేయాల్సి వచ్చింది, అంతే.

పచ్చిక వైపు, పొడి వైపు

పచ్చిక వద్దని గట్టిగా చెప్పి ఉండాల్సిందని ఇప్పుడు అనుకునేవారు ఉండొచ్చు. ఇంటివారికి మనవళ్లు ఆడుకునే చోటు కావాలి, ఆ కోరికలో తప్పేం లేదు. గోడకు ఉత్తరం కొసన పచ్చిక వచ్చింది, దానికి చిలకరించే గొట్టాలు వచ్చాయి. ఆ జల్లు తంగేడు వరుసలో చివరి పదిహేను అడుగుల మీద పడుతుంది. దీంతో ఒకే విత్తనం, ఒకే గట్టు, ఒకే ఎండలో రెండు రకాల నీటి మధ్య పోలిక మాకు ఉచితంగా దొరికింది.

2023 ఆగస్టులో వాన ముఖం చాటేసింది. దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి నమోదైన లెక్కల్లో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. పత్తి చేలు వాడిపోతున్న ఆ నెలలో పొడి వైపు మొక్కలు నడుమెత్తులో, గుబురుగా, కొమ్మ కొమ్మకూ మొగ్గ గుత్తులతో నిలబడ్డాయి. పచ్చిక వైపువి మనిషెత్తు పెరిగాయి. ఆకు నిండు పచ్చగా, కణుపుల మధ్య ఎడం ఎక్కువగా ఉంది. పూత మాత్రం పలచన. చూడవచ్చినవాళ్లంతా పచ్చిక వైపు మొక్కలను చూసి “ఇవి బాగా వచ్చాయి” అనేవారు. బతుకమ్మకు కోయడానికి మాత్రం అందరూ పొడి వైపే వెళ్లారు.

2024లో కథ తిరగబడింది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కోదాడ, ఖమ్మం వైపు వరదలు తెచ్చిన వానలు ఇక్కడా గట్టిగానే కురిశాయి. పొడి వైపు గట్టు మీద నీరు తూముల్లోంచి వెళ్లిపోయింది. పచ్చిక వైపు అప్పటికే తడిసి ఉన్న నేలలో నీరు నిలిచింది. నెల తిరిగేసరికి అక్కడి మూడు మొక్కలు మొదలు దగ్గర బెరడు ఊడి వాలిపోయాయి. 2021లో చూసిన కుళ్లే అది. వాటి స్థానంలో మళ్లీ తంగేడు పెట్టలేదు. చిలకరించే గొట్టం ఒకటి తీసేయించి, ఆ కొసన తడిని ఓర్చే నందివర్ధనం పెట్టాం.

కత్తెర లెక్క

ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన భాగం ఇదే. తంగేడుకు నీళ్లు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, కత్తెర కావాలి. పూగుత్తులు వచ్చేది ఆ ఏటి కొత్త కొమ్మల కొసల్లో. కత్తిరించకపోతే మూడేళ్లలో పొద కింది భాగం బోసిపోయి, కట్టెలు తేలి, పూలన్నీ చేతికందని ఎత్తున ఉంటాయి. తోళ్లు ఊనడానికి (పదును చేయడానికి) తంగేడు బెరడు వాడిన కాలంలో పొదలను మొదలంటా నరికేవారు, అవి మళ్లీ గుబురుగా చిగిర్చేవి. కాబట్టి కత్తెరకు భయపడే మొక్క కాదిది.

ఏడాదికి రెండు కత్తిరింపులు. మొదటిది పెద్దది, ఫిబ్రవరిలో, కాయలు ఎండి విత్తనం తీసుకున్నాక. పొదను మోకాలి ఎత్తుకు దించేయాలి. ముసలి కొమ్మలు ఒకటి రెండు నేలమట్టంగా తీసేయాలి. రెండోది చిన్నది, తొలకరి చిగుళ్లు జానెడు సాగాక, కొసలు మాత్రం గిల్లడం. గిల్లిన ప్రతి కొస కిందా రెండు మూడు కొమ్మలు పుడతాయి, ఒక్కోదానికి ఒక్కో గుత్తి. పొద నడుమెత్తున నిండుగా పూయడానికి కారణం ఈ గిల్లుడే.

చిక్కంతా ఈ రెండోది ఎప్పటిదాకా చేయవచ్చు అన్నదాంట్లో ఉంది. దీనికి సమాధానం మాకు అనుకోకుండా దొరికింది. 2024లో పంద్రాగస్టు ముందు ఇల్లు శుభ్రం చేయిస్తూ, టీచరమ్మ ఊళ్లో లేని సమయంలో, గేటు పక్కన ఉన్న భాగాన్ని ఎవరో కంచె కత్తెరతో చదునుగా కోసేశారు. ఆ ఏడు పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 2న, చివరి రోజైన సద్దులు 10న. మిగతా వరుసంతా పసుపుపచ్చగా పూసి ఉంటే, గేటు పక్క భాగంలో మొగ్గ కూడా సరిగా లేదు. అక్కడ నిండు పూత వచ్చింది దీపావళికి, అంటే అక్టోబరు చివర. కోసిన నాటి నుంచి నిండు పూతకు దాదాపు పదకొండు వారాలు పట్టిందన్నమాట. జులై మొదట్లో గిల్లిన భాగాల్లో చూసుకున్నా ఇంచుమించు అంతే తేలింది.

పండుగ తేదీ ఒకచోట ఉండదు, అసలు ఇబ్బంది అది. ఎంగిలిపూల బతుకమ్మ పడే మహాలయ (భాద్రపద) అమావాస్య 2023లో అక్టోబరు 14న వచ్చింది. ఆ ఏడు అధిక శ్రావణం ఉంది. 2024లో అక్టోబరు 2న. 2025లో సెప్టెంబరు 21న. మూడేళ్లలో మూడు వారాలకు పైగా వెనక్కి జరిగింది. ‘జులై చివరి దాకా గిల్లవచ్చు’ అని ఒకే లెక్క పెట్టుకుంటే 2023లో సరిపోయేది, 2025లో పండుగకు మొగ్గలే మిగిలేవి. అందుకని ఇంగ్లీషు నెలలు వదిలేసి, పంచాంగంలో భాద్రపద అమావాస్య చూసి, అక్కడి నుంచి పదకొండు వారాలు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజుకు కత్తెర లోపల పెట్టేయమని చెప్పాను. టీచరమ్మ వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గీత గీశారు. 2025లో ఆ గీత జులై 6 దగ్గర పడింది. తొలకరి ఆలస్యమైతే అప్పటికి చిగురు సాగదు. అలాంటి ఏడు గిల్లుడు మానేసి ఫిబ్రవరి కోతతోనే సరిపెట్టుకోవాలి. ఈ పదకొండు వారాలు ఈ తోటలో, ఈ ఎర్ర చెల్కలో తేలిన లెక్క. నేల, వాన మారితే వారం అటూ ఇటూ అవుతుంది.

అన్ని మొక్కలనూ ఒకే రోజు గిల్లడం కూడా మంచిది కాదు. వరుసను మూడు భాగాలు చేసి వారం ఎడంతో గిల్లితే ఒక భాగం పూత తగ్గేసరికి ఇంకో భాగం నిండుగా ఉంటుంది.

పురుగులు, చీమలు, తుమ్మెదలు

రెండో ఏడు ఆకుల మీద పచ్చని గొంగళిపురుగులు వచ్చాయి. పక్కల వెంట లేత గీత, దాని మీద వరుసగా నల్ల చుక్కలు. మందు కొట్టడానికి పంపు సిద్ధం చేసి నాకు ఫోను చేశారు. అవి తెల్లగా, లేత ఆకుపచ్చ ఛాయతో గుంపులుగా ఎగిరే వలస సీతాకోకచిలుకల పిల్లలు. తంగేడు జాతి ఆకులే వాటి తిండి. కొన్ని కొమ్మలు బోసిపోయిన మాట నిజం, మళ్లీ చిగిర్చిన మాట కూడా నిజం. మందు కొట్టలేదు. చీమలు పాకుతున్నాయని ఇంకో ఫిర్యాదు వచ్చింది. ఆకు ఈనె మీది గ్రంథుల్లో ఊరే తీపి కోసం వస్తాయవి, మొక్కకు కీడు చేయవు.

పూల దగ్గర చూడాల్సింది తుమ్మెదను. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వు మధ్యలోని కేసరాలను కాళ్లతో బిగించి పట్టుకుంటుంది. రెక్కలు ఆగిపోతాయి. రెప్పపాటు తర్వాత సన్నగా, పదునుగా ఒక మోత వస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం కంటే పై స్థాయిలో ఉంటుందది. ఆ అదురుకు కేసరాల కొసన ఉన్న సన్న రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్మి, తుమ్మెద పొట్ట పచ్చబడుతుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే, అదీ ఇలా అదిరిస్తే తప్ప రాదు. తేనెటీగకు ఆ విద్య తెలియదు. రాలిన పొడిని ఏరుకుపోతుంది. తుమ్మెదలు లేని చోట పువ్వులు బాగానే పూస్తాయి గానీ కాయలు సరిగా పట్టవు. పశువుల కొట్టం తీసేస్తున్నప్పుడు పాత వేప దూలాలను పొయ్యిలోకి పంపకుండా గోడ వారన పేర్చి ఉంచమన్నాను. వాటికి తొలిచిన గుండ్రటి రంధ్రాలు ఇప్పుడు కనబడుతున్నాయి.

కోత, ఇప్పటి స్థితి

బతుకమ్మకు విడి పువ్వులు కాకుండా గుత్తిని జానెడు కొమ్మతో, తెల్లవారుజామున కోస్తే సాయంత్రం దాకా నిలుస్తాయి. ఎండెక్కాక కోసినవి పేర్చేలోపే వాడతాయి. నీళ్లలో ముంచి ఉంచకూడదు, తడిగుడ్డలో చుట్టి నీడన పెడితే చాలు. కోసుకోవడానికి వచ్చేవారికి టీచరమ్మ ఒక షరతు పెట్టారు: గేటుకు దూరంగా ఉన్న ఆరు మొక్కలు ఎవరూ ముట్టకూడదు. ఆ ఆరూ విత్తనానికి, తుమ్మెదలకు. నిరుడు ఆ గింజలే ఊళ్లోని ఉన్నత పాఠశాల ప్రహరీ వెంట, పక్క వీధిలో రెండిళ్లలో పడ్డాయి.

ఖర్చులో పెద్ద భాగం పాత చెరువు మట్టి తీయించడానికి, గట్టు పోయించడానికి అయింది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ ఖర్చే ఉండదు. కందకం తవ్వకుండా, ఉన్న నేల మీదే గట్టు పోసి విత్తనం పెడితే సరిపోతుంది. విత్తనానికి, నీళ్లకు, ఎరువుకు పెట్టినది ఏమీ లేదు.

2026లో అధిక జ్యేష్ఠం వస్తోంది కాబట్టి అమావాస్య అక్టోబరు 10కి పోయింది. పదకొండు వారాలు వెనక్కి లెక్కిస్తే జులై 25. ఈసారి తొలకరి చిగురును తొందరపడకుండా గిల్లవచ్చు, వరుసను మూడుకు బదులు నాలుగు భాగాలు చేయవచ్చు. నందివర్ధనం పక్కన మిగిలిన తంగేళ్లు రెండూ ఇంకా ఎత్తుకే పోతున్నాయి. ఫిబ్రవరిలో వాటిని జానెడు ఎత్తుకు నరికించి, చిలకరించే గొట్టం ఇంకో మూడడుగులు వెనక్కి జరపమని పెద్దాయనకు చెప్పాను.